ఆ సంతకం ఎవరిది?

కొత్త మందో, టీకానో, పరీక్షో... మనుషుల మీద వాడి చూడాలంటే ముందు ఒక గదిలో కొందరు కూర్చుని 'సరే' అనాలి. ఆ గదిలో ఏం మాట్లాడుకుంటారు? అక్కడ అడగాల్సిన ప్రశ్నలు అడగకపోతే మన ఊళ్లో ఏమవుతుంది?

2,763.

లాటరీ నంబరు కాదు. ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు టీకా వేయడానికి తల్లిదండ్రుల అనుమతి కోరుతూ పంచిన కాగితాల్లో హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టినవి ఇన్ని. లెక్క చూసిన కాగితాలు మొత్తం 9,543. వాటిలో ఇంకో 1,948 మీద వేలిముద్రలు. ఓ వంద కాగితాలు విడిగా తీసి చూస్తే 69 మీద సాక్షి సంతకమే లేదు. చాలావాటి మీద తేదీ లేదు. ఒకే వ్యక్తి ఏడు కాగితాల మీద సంతకం చేసినట్టు కూడా తేలింది. ఒక మనిషికి ఏడుగురు కూతుళ్లు ఉండకూడదా అంటారా? ఉండొచ్చు. ఏడుగురూ పదికీ పధ్నాలుగుకీ మధ్య వయసులోనే ఉండటం మాత్రం కాస్త కష్టం.

ఈ అంకెలేవీ గిట్టనివాళ్లు పుట్టించినవి కావు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఉన్నవి.

అసలు జరిగింది ఇదీ. 2009 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్ని ఎంచుకున్నారు. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అడ్డుకునే టీకా అది. అప్పట్లో ఆరు నెలల్లో మూడు సూదులు. అమెరికాకు చెందిన పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని. దాదాపు 14 వేల మంది పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాగే, ఇంకో కంపెనీ టీకాతో.

ఖమ్మంనే ఎందుకు? అక్కడ గిరిజన గ్రామాలెక్కువ. ఆశ్రమ పాఠశాలలూ హాస్టళ్లూ ఎక్కువ. పిల్లలంతా ఒకేచోట దొరుకుతారు. టీకా వేసేవాళ్లకు అంతకంటే సుఖం ఏముంటుంది! అమ్మానాన్నలు మాత్రం ఎక్కడో గూడెంలో ఉంటారు.

కొన్ని నెలలకు పిల్లల మరణాల వార్తలు బయటికొచ్చాయి. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు. అందులో ఐదుగురు మన రాష్ట్రం పిల్లలే. 2010 మార్చిలో మహిళా ఆరోగ్య సంస్థల బృందం ఒకటి భద్రాచలం వెళ్లి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడింది. ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. కేంద్రం నియమించిన విచారణ కమిటీ ఈ మరణాలకూ టీకాకూ సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువని తేల్చింది. మృతులకు కారణాలుగా చెప్పినవాటిలో పాముకాటు ఉంది, నీళ్లలో మునిగిపోవడం ఉంది, మలేరియా ఉంది. ఆ విచారణ సరిపోలేదని పార్లమెంటు సంఘం తర్వాత అక్షింతలు వేసిందనుకోండి.

ఇక్కడ ఒక్క మాట స్పష్టంగా చెప్పుకోవాలి. హెచ్‌పీవీ టీకా మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన టీకా. చాలా దేశాల్లో ఆడపిల్లలకు ప్రభుత్వమే వేయిస్తోంది. 2018లో సిక్కిం రాష్ట్రమంతటా వేసింది. మన దేశంలోనే తయారైన రకానికి 2022లో అనుమతి వచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో ఏటా లక్షా 20 వేల మందికి పైగా మహిళలకు కొత్తగా వస్తోంది. ఏటా 75 వేల మందికి పైగా చనిపోతున్నారు. కాబట్టి ఈ కథలో విలన్ టీకా కాదు. అడిగిన పద్ధతి. నిజానికి అడగకపోవడం. ఆ నాలుగు సంతకాలు సరిగ్గా తీసుకోని పాపానికి ఒక మంచి టీకా పేరెత్తితేనే ఏళ్ల తరబడి జనం ఉలిక్కిపడ్డారు.

పేరులో ఏముంది?

మరి దీనికి ఎథిక్స్ కమిటీ అనుమతి లేదా? పరిశోధనకు కాపలా కాసేవాళ్లు ఏం చేస్తున్నట్టు?

చిక్కంతా పేరు దగ్గరే వచ్చింది. దాన్ని 'క్లినికల్ ట్రయల్' అనలేదు. 'డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు' అన్నారు. టీకాకు దేశంలో అప్పటికే అనుమతి ఉంది, మేం కేవలం వేసి చూపిస్తున్నాం, ప్రభుత్వ కార్యక్రమంలో ఎలా ఇమిడిపోతుందో చూస్తున్నాం అన్నది నిర్వాహకుల వాదన. వేసి, గమనించి, లెక్కలు తీసి, వాటిని ఇంకోచోట ఉపయోగించుకోవాలనుకున్నప్పుడు అది పరిశోధనే అన్నది విచారణ జరిపినవాళ్ల మాట. ట్రయల్ అనకపోవడంతో దానికుండే కట్టుదిట్టాలన్నీ సడలిపోయాయి. టీకా వేసుకున్న పిల్లలకు బీమా లేదు. విద్యార్థుల తరఫున హెడ్మాస్టర్లు సంతకాలు చేయాలంటూ రాష్ట్ర యంత్రాంగం ఇచ్చిన ఆదేశం చట్టప్రకారం చెల్లుతుందా అనేది చాలా సందేహమేనని పార్లమెంటు సంఘం రాసింది.

వైద్యానికీ పరిశోధనకూ తేడా పైకి కనిపించదు. అదే ఆసుపత్రి, అదే తెల్లకోటు, అదే సూది. కానీ వైద్యంలో డాక్టరు చేసేదంతా మీకోసం. పరిశోధనలో చేసే దాంట్లో కొంత రేపటి రోగుల కోసం. మీకు మేలు జరగొచ్చు, జరక్కపోనూవచ్చు. ఆ సంగతి మీకు తెలియాలి. తెలిసీ మీరు సరే అనాలి. ఇంత చిన్న విషయం ప్రపంచానికి అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

దోమకు ఒక అణా

అందులో మన హైదరాబాదు కథ కూడా ఒకటుంది. 1897 ఆగస్టు 20న మలేరియా గుట్టు విప్పిన సర్ రొనాల్డ్ రాస్ పేరు చిన్నప్పుడు అందరం చదివాం. సికింద్రాబాదులో సైనిక వైద్యుడిగా ఉన్నప్పుడు బేగంపేటలోని భవనంలో దోమ పొట్ట కోసి, మలేరియా పరాన్నజీవిని చూశాడాయన. 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలు ఎవరి రక్తం తాగాయో మాత్రం పాఠంలో ఉండదు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని ఆయన దోమలతో కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకూ ఒక అణా ఇచ్చాడు.

రాస్‌ని ఇప్పుడు బోనెక్కించడం మన ఉద్దేశం కాదు. ఆ రోజుల్లో అడిగే కమిటీలు లేవు. పైగా డబ్బిచ్చాడు కాబట్టి ఆయన నయమే! కానీ జ్వరంతో ఉన్న మనిషికి దొరగారొచ్చి అణా చూపిస్తే వద్దనే వీలుంటుందా? ఈ ప్రశ్నకు ఇప్పటికీ వయసు మీద పడలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీల మీద నాజీ డాక్టర్లు చేసిన ఘోరాల మీద విచారణ జరిగి, 1947లో తీర్పుతోపాటు పది సూత్రాలు వచ్చాయి. న్యూరెంబర్గ్ నియమావళి అంటారు. మనిషి ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటేనే ప్రయోగం అన్నది అందులో మొదటిది. అయినా అమెరికాలోని టస్కెగీలో సిఫిలిస్ ఉన్న దాదాపు నాలుగు వందల మంది నల్లజాతి పురుషులకు, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. 1932లో మొదలైంది 1972లో పత్రికలు బయటపెట్టేదాకా సాగింది.

మనమేం తక్కువ తినలేదు. ఢిల్లీలో 1970లు, 80లలో ఐసీఎంఆర్ సంస్థ ఒకటి గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందుదశ మార్పులున్న 1,100 మందికి పైగా మహిళల్ని చికిత్స చేయకుండా గమనించింది. కొందరికి క్యాన్సర్ వచ్చింది. 1997లో సంగతి బయటపడ్డాక 'చదువు లేనివాళ్లు, నోటిమాటగా ఒప్పుకున్నారు' అన్నది జవాబు. విచిత్రమేంటంటే, మనుషుల మీద పరిశోధనకు పాటించాల్సిన నీతిసూత్రాల్ని అదే ఐసీఎంఆర్ 1980లోనే ప్రకటించింది! ఆ తర్వాత 2000లో వివరమైన మార్గదర్శకాలు వచ్చాయి. 2006లో, మళ్లీ 2017లో వాటిని తిరగరాశారు. కొత్త మందుల ట్రయల్స్‌కైతే 2019 మార్చిలో వచ్చిన నిబంధనలు చట్టబద్ధమైనవి. ఎథిక్స్ కమిటీలన్నీ రిజిస్టర్ కావాల్సిందే.

గదిలో ఎవరుంటారు?

ఆ కమిటీ అనగానే డాక్టర్లు డాక్టర్ల కాగితాలు చూసుకునే వ్యవహారం అనుకుంటాం. కాదు. 2019 నిబంధనల ప్రకారం కనీసం ఏడుగురుండాలి. వాళ్లలో సగం మందికి ఆ సంస్థతో సంబంధం ఉండకూడదు. ఛైర్మన్ బయటివారై ఉండాలి. ఒక న్యాయ నిపుణుడు, ఒక మహిళ, సామాజిక శాస్త్రమో తత్వశాస్త్రమో తెలిసినవారు లేదా స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి ఒకరు తప్పనిసరి. వీళ్లందరికంటే ముఖ్యం, నా దృష్టిలో, ఇంకొకరున్నారు. 'లే పర్సన్'. అంటే వైద్యం చదువుకోని మామూలు మనిషి. రిటైరైన తెలుగు మాస్టారో, బ్యాంకు ఉద్యోగో, ఇల్లు చక్కబెట్టుకునే గృహిణో కావచ్చు. వాళ్లు లేకుండా నిర్ణయం తీసుకోవడానికి కోరం ఉండదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. మెడికల్ కాలేజీలో ఎండీ చదువుతున్న ఓ అమ్మాయి. గర్భిణుల్లో రక్తహీనత మీద థీసిస్ చేయాలి. రెండు రకాల ఐరన్ మందుల్లో ఏది బాగా పనిచేస్తుందో చూడాలని ఆలోచన. రెండూ ఇప్పటికే వాడుకలో ఉన్న మందులే. గైడ్ సరేనన్నారు. సినాప్సిస్ రాసింది. యూనివర్సిటీకి వెళ్లాలంటే ముందు ఎథిక్స్ కమిటీ సర్టిఫికెట్ కావాలి. ప్రోటోకాల్, రోగులకిచ్చే సమాచార పత్రం, ఒప్పంద పత్రం, తెలుగు అనువాదాలు, గైడ్ బయోడేటా... కట్ట కట్టి మెంబర్ సెక్రటరీ ఆఫీసులో ఇచ్చింది. పేర్లు లేని పాత రికార్డులు చూసే పనైతే ఒకరిద్దరు సభ్యులు చూసి త్వరగా పంపేస్తారు. ఈ అమ్మాయి మనుషులకు మందిచ్చి, రక్తం తీయాలంటోంది కాబట్టి పూర్తి కమిటీ కూర్చోవాలి.

మొదటి ప్రశ్న ఫార్మకాలజీ ప్రొఫెసర్ నుంచి వస్తుంది. ఎంత మందిని తీసుకుంటున్నారు, ఆ లెక్క ఎలా వచ్చింది? ఇది నీతికి సంబంధించిన ప్రశ్నేనా అనిపిస్తుంది. అవును. ఏ జవాబూ తేల్చలేనంత తక్కువ మందితో చేసే పరిశోధన కోసం ఒక్క సూది పోటు పొడిచినా అది అన్యాయమే. లెక్క తప్పుగా ఉంటే ఫైలు వెనక్కి.

లాయరుగారు రెండో పేజీ తిప్పుతారు. 'ఎప్పుడైనా మానుకోవచ్చు' అని రాశారు, బాగుంది. మానుకుంటే ఇక్కడే కాన్పు చేస్తారా, లేక చిన్నచూపు చూస్తారా? ఆ మాట రాయలేదేం?

అప్పుడు ఆ 'మామూలు మనిషి' నోరు విప్పుతారు. 'అమ్మా, 5 మి.లీ. రక్తం అదనంగా తీస్తామని రాశావు. 5 మి.లీ. అంటే ఎంత?' అమ్మాయి తడుముకుంటుంది. చెంచాడండీ అంటుంది. 'అయితే చెంచాడు అనే రాయి. అసలే ఒంట్లో రక్తం లేదని చెప్పి, మళ్లీ రక్తం తీస్తామంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? తీసేది చెంచాడేనని తెలిస్తే భయపడదు.'

ఇలాంటి ఒక్క ప్రశ్న కోసమే ఆ కుర్చీ వేసింది.

ప్రశ్నలు ఇంకా వస్తాయి. పరీక్షల కోసం నాలుగుసార్లు రమ్మంటున్నారు, బస్సు ఛార్జీలు ఎవరిస్తారు? ఆ రోజు కూలి పోతే? ఎవరికైనా హిమోగ్లోబిన్ ప్రమాదకరంగా పడిపోతే పరిశోధన పక్కనబెట్టి రక్తం ఎక్కించేది ఎవరు? వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఎవరి కంప్యూటర్లో ఉంటాయి? రోగిని చూసే డాక్టరూ మీరే, పరిశోధనలో చేరతావా అని అడిగేదీ మీరే. కాదనడానికి ఆమెకు ధైర్యం ఎక్కడిది?

ఆఖరి ప్రశ్న మన దగ్గర మరీ పెద్దది. డాక్టరు ఏం అడిగినా 'మీరెలా చెబితే అలాగేనండీ' అనడం మనకు మర్యాద. డాక్టరు దేవుడితో సమానం. దేవుడికి ఎదురు చెబుతామా? కాబట్టి ఆ మాటను ఒప్పుకోలుగా లెక్కవేయడం తేలిక, అన్యాయం కూడా. అందుకే చికిత్స చేసే డాక్టరు కాకుండా మరొకరు వివరించాలనీ, ఇంటికెళ్లి మాట్లాడుకుని రావడానికి సమయమివ్వాలనీ కమిటీలు అడుగుతుంటాయి. చదవలేని వాళ్లయితే, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదురుగా కాగితమంతా చదివి వినిపించాలి. వేలిముద్ర పక్కన ఆ సాక్షి సంతకం ఉండాలి. ఖమ్మం కాగితాల్లో వందకు 69 చోట్ల లేనిది ఆ సంతకమే.

పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు. ఏడేళ్లు దాటితే ఆ పిల్లకో పిల్లాడికో అర్థమయ్యేలా చెప్పి, వాళ్ల మాట కూడా తీసుకోవాలి. పన్నెండు దాటితే కాగితం మీదే తీసుకోవాలి. అమ్మ సరేనన్నా పాప వద్దంటే ఆ మాటకు విలువివ్వాలి.

'మీరు ప్లాసిబో చేతికి...'

ఇక తెలుగు అనువాదం. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. పెద్ద కంపెనీల ట్రయల్స్ కాగితాలు ఇంగ్లిష్‌లో తయారై, ఏజెన్సీల చేతుల మీదుగా తెలుగులోకి వస్తాయి. ఇంగ్లిష్‌లో ట్రయల్‌లోని ఒక్కో గుంపును 'ఆర్మ్' అంటారు. అనువాదకుడు నిఘంటువు పట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. 'మీరు యాదృచ్ఛికముగా ప్లాసిబో చేతికి కేటాయించబడవచ్చును.' ఏ చేతికి? కుడా, ఎడమా?

చెప్పాల్సింది ఇంతే. 'సగం మందికి కొత్త మందు ఇస్తాం. సగం మందికి అచ్చం అలాగే కనిపించే, మందు లేని మాత్ర ఇస్తాం. ఎవరికి ఏది అనేది చీటీలు తీసినట్టు తేలుతుంది. మీకు ఏది వచ్చిందో మీకూ తెలియదు, మాకూ తెలియదు.' చీటీలు తీయడం తెలియని తెలుగువాళ్లు ఎవరుంటారు? అనువాదం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆ తెలుగును వేరొకరితో మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్పించి, మొదటిదానితో పోల్చి చూస్తారు. మంచి పద్ధతే. కానీ గ్రాంథికాన్ని గ్రాంథికంగానే తిప్పి పంపితే పరీక్ష పాసైపోతుంది, కాగితం మాత్రం ఎవరికీ అర్థం కాదు. భద్రాచలం లాంటి చోటైతే తెలుగు కూడా చాలదు, కోయలో చెప్పేవాళ్లు కావాలి.

కొన్ని వేల రూపాయలు

హుసేన్ ఖాన్ అణా ఇప్పుడు పెరిగి పెద్దదైంది. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల ప్రాంతం నుంచి పేద మహిళల్ని హైదరాబాదులోని ఓ ల్యాబ్‌కు తీసుకెళ్లి మందుల పరీక్షలు చేసిన వ్యవహారం బయటపడింది. కొన్ని వేల రూపాయలు ఇస్తామని దళారులు చెప్పారు. ఇంటికొచ్చాక ఒళ్లు నొప్పులు, నీరసం అంటూ వాళ్లు ఆసుపత్రులకు వెళ్లారు. గొడవయ్యాక ఔషధ నియంత్రణ అధికారులు ఆ ల్యాబ్ అనుమతిని సస్పెండ్ చేశారు. 2017లో ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచీ ఇలాంటి కథలే వినిపించాయి.

డబ్బివ్వడం తప్పు కాదు. మనిషి సమయానికీ, ప్రయాణానికీ, ఇబ్బందికీ విలువ కట్టాల్సిందే. కానీ అప్పుల్లో ఉన్నవాడు ఎంత ప్రమాదానికైనా తల ఊపేంత మొత్తం ఆశ చూపితే అది కొనుక్కోవడం. ఆ గీత ఎక్కడుందో తేల్చాల్సింది కూడా ఎథిక్స్ కమిటీయే. ఎంతిస్తారు, ఎప్పుడెప్పుడు ఇస్తారు, మధ్యలో మానేస్తే ఇస్తారా, ఇవన్నీ ముందే కాగితం మీద చూసి ఆమోదించాలి. కాగితాల మీదికి రాని దళారిని ఏ కమిటీ ఎలా చూస్తుందన్నది వేరే సంగతి.

ట్రయల్‌లో హాని జరిగితే పరిస్థితి 2013 తర్వాత కొంత మారింది. ఇందోర్ కేంద్రంగా పనిచేసే స్వాస్థ్య అధికార్ మంచ్ సుప్రీంకోర్టుకు వెళ్లడం అందుకు పెద్ద కారణం. తీవ్రమైన హాని ఏది జరిగినా 24 గంటల్లో అధికారులకూ, ఎథిక్స్ కమిటీకీ తెలపాలి. ఉచితంగా వైద్యం చేయాలి. ట్రయల్ వల్లే ప్రాణం పోయిందని తేలితే 8 లక్షల రూపాయల్ని ప్రాతిపదికగా పెట్టుకుని, వయసునూ అప్పటికున్న జబ్బు తీవ్రతనూ బట్టి పరిహారం లెక్కగడతారు. పూర్తిగా కొత్త మందులైతే, పేదరికం లాంటి కారణాలతో కాదనలేని స్థితిలో ఉన్నవాళ్లు ఒప్పుకుంటున్నప్పుడు వీడియో తీయాలి. వార్డెన్ సంతకం కెమెరా ముందు చెల్లదు మరి!

ఐదు రోజుల్లో?

పరిశోధకులకూ తమ గోడు తమకుంది. కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది, ఒక సభ్యుడు రాకపోతే కోరం ఉండదు, ఒక స్పెల్లింగు తప్పుకు ఫైలు వెనక్కొస్తుంది, పీజీ మూడేళ్లలో ఆరు నెలలు ఇక్కడే పోతాయి... ఇవన్నీ నిజమే. ఆ కమిటీ సభ్యుల్లో చాలామంది రోజువారీ ఓపీలు చూసుకుంటూ, వందల పేజీల ప్రోటోకాల్స్ రాత్రిళ్లు చదివేవాళ్లే. చదవకుండానే సంతకం పెట్టే కమిటీలూ లేకపోలేదు. సొంత కాలేజీ ప్రిన్సిపాల్ ప్రాజెక్టును కాదనడానికి అదే కాలేజీ ప్రొఫెసర్‌కు ఎంత గుండె కావాలో చెప్పనక్కర్లేదు. బయటివాళ్లు సగం మంది ఉండాలన్న నిబంధన అందుకే వచ్చింది.

కానీ తొందర ఎంతవరకు? 2020 జులై 2న ఐసీఎంఆర్ నుంచి 12 ఆసుపత్రులకు ఒక లేఖ వెళ్లింది. హైదరాబాదులోని నిమ్స్, విశాఖలోని కేజీహెచ్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్ ట్రయల్‌కు అనుమతులన్నీ వేగంగా పూర్తిచేసి, జులై 7కల్లా వలంటీర్లను చేర్చుకోవడం మొదలుపెట్టాలన్నది సారాంశం. ఆగస్టు 15 నాటికి టీకా తేవాలని లక్ష్యం. మాట వినకపోతే తీవ్రంగా పరిగణిస్తామన్న హెచ్చరిక కూడా ఉంది. అప్పటికి ఆ టీకాను ఒక్క మనిషికీ వేయలేదు.

ఎథిక్స్ కమిటీ సభ్యుడి కుర్చీలో కూర్చుని ఆ లేఖ చదవండి. బయట కరోనాతో మనుషులు పోతున్నారు. ఆలస్యం చేస్తే ప్రాణాలు పోతాయన్నది అబద్ధం కాదు. ఐదు రోజుల్లో చదివి సరే అనడం ఆడిటరు లెక్కలు చూడకుండా సంతకం చేయడం లాంటిదన్నదీ అబద్ధం కాదు. శాస్త్రవేత్తల నుంచి విమర్శలు వెల్లువెత్తాయి. అనవసరమైన ఎర్రటేపును తగ్గించడమే తమ ఉద్దేశమని ఐసీఎంఆర్ వివరణ ఇచ్చుకుంది. చివరికి ట్రయల్స్ జులైలోనే మొదలైనా ఆగస్టు 15న టీకా రాలేదు. అత్యవసర వాడకానికి అనుమతి 2021 జనవరి 3న వచ్చింది, అదీ మూడో దశ ఫలితాలు రాకముందే ఇచ్చారన్న వివాదంతో. ఆ తర్వాత కోట్ల మంది ఆ టీకా వేసుకున్నారు. 'దీన్ని సరిగ్గా పరీక్షించారా?' అని మన ఇళ్లలో ఎంత చర్చ జరిగిందో గుర్తుందిగా! ఆ సందేహంలో కొంత వాటా ఆ లేఖదే.

ఇంటికి తెచ్చుకునే కాగితం

పెద్దాసుపత్రికి వెళ్తే ఏదో ఒక రోజు మీకూ అలాంటి కాగితం ఎదురుకావచ్చు. కంగారు పడనక్కర్లేదు, పరిశోధన అనగానే పారిపోనూ అక్కర్లేదు. మనం ఇవాళ వేసుకునే ప్రతి మాత్రా ఎవరో ముందు ఒప్పుకుంటేనే మన దాకా వచ్చింది. కాకపోతే అడగండి. ఇది నా వైద్యమా, మీ పరిశోధనా? నేను కాదంటే నా వైద్యం మారుతుందా? నాకేమైనా అయితే ఖర్చు ఎవరిది? క్లినికల్ ట్రయల్ అయితే సీటీఆర్ఐ నంబరు ఎంత? (2009 జూన్ నుంచి మన దేశంలో జరిగే ట్రయల్స్‌ను అందరూ చూడగలిగే ఈ జాబితాలో నమోదు చేయడం తప్పనిసరి. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే రెండు నిమిషాల్లో వెతికి పెడతారు.) ఈ ప్రశ్నలకు విసుక్కునే డాక్టరు దగ్గర సంతకం పెట్టకపోయినా నష్టం లేదు.

సంతకం పెట్టాక ఒక ప్రతి మీకివ్వాలి. అది నిబంధన, వాళ్ల దయ కాదు. ఆ కాగితం చివర్లో రెండు ఫోన్ నంబర్లుంటాయి. ఒకటి పరిశోధన చేసే డాక్టరుది. రెండోది ఎథిక్స్ కమిటీది. ఆ రెండో నంబరుకు ఎవరైనా చేయొచ్చు. పెద్ద ఫిర్యాదే ఉండనక్కర్లేదు. 'ఈ కాగితంలో నాలుగో వరస అర్థం కాలేదండీ' అన్నా చాలు.